సీతంపేట సంతకు మా ప్రయాణము

సోదరీమణులారా! విజయనగరములో మా యింటి పెరడు మిక్కిలి చిన్నది. బావిగట్టు ప్రక్కను తులసికోటయు, దాని చుట్టును ఎవ్వరును నాటకయే మొలచిన బిళ్ళగన్నేరు మొక్కలును కలవు. వానకాలమున గోడవార నేల ఉసిరి మొలచును. మా అత్తగారు ప్రతిదినము స్నానము చేసి ఆ బిళ్ళగన్నేరు పూవులు కోసి దేవునికి పెట్టుదురు. ఆ మొక్క మూలముననే మా యింట నిరుడు ఒక ఆపద వచ్చి తప్పినది. ఆ యాపదయే మమ్ము పాలకొండ మన్యమునకు నడిపించినది. అచట మేము చూచినదియు విన్నదియు మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అత్తగారికి 68 ఏండ్లు. మధుమేహము వచ్చి పండ్రెండేండ్లయినది. నిరుడు శ్రావణమాసమున పేరంటమునకు వచ్చిన ఒక ముత్తైదువ, పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమలినచో చక్కెరజబ్బు చేతితో తీసివేసినట్లు పోవునని చెప్పెను. మాత్రలు యంత్రములలో పుట్టిన విషములనియు, ఆకు భూదేవి యిచ్చిన అమృతమనియు మా అత్తగారి తలంపు. ఆమె ఆకులు నమలుట మేము చూచితిమి. ఆకే గదా, మేలు చేయకున్నను కీడు చేయదని ఊరకుంటిమి. ఆమె మాత్రలు మానివేసి దేవుని మందసము వెనుక దాచుచున్న సంగతి మాత్రము మాకు తెలియదు. ఆశ్వయుజమాసము వచ్చుసరికి ఆమె చిక్కి సగమైనది. రాత్రి నాలుగైదుసార్లు లేచి నీరు త్రాగుచుండెను. ఒకనాడు జ్వరముతో బావిగట్టున సొమ్మసిల్లి పడినది. వైద్యశాలకు గొనిపోగా రక్తములో చక్కెర 400 దాటినదని తేలినది. "మాత్ర మానుట ఒక తప్పు. ఆ ఆకు తినుట రెండవ తప్పు" అని వైద్యుడు మందలించెను. ఐదు దినములకు ఆమె యింటికి వచ్చినది. ఆమెనుగాక మమ్మే తప్పుపట్టుకొంటిమి. ఇంటిలో పుస్తకము చదువుకొన్నవారము మేమే గదా!

ఇంత జరిగినను ఆమె నమ్మకము చెదరలేదు. "ఈ మొక్క కాకున్న మరియొకటి ఉండును. కొండలవారికి తెలియును" అనుచుండెను. అంతలో మా వారి పూర్వశిష్యు డొకడు, సీతంపేటకు సమీపమున ఆశ్రమపాఠశాలలో ఉపాధ్యాయుడుగా నున్నవాడు, తమ యింటికి రమ్మని జాబు వ్రాసెను. ఇదే అదనని మా అత్తగారు మూట కట్టిరి. మాఘమాసమున మేము మువ్వురము బయలుదేరితిమి.

తెల్లవారుజామున విజయనగరములో బస్సెక్కి గరివిడి, చీపురుపల్లి, రాజాము మీదుగా పోయితిమి. వరికోతలు ముగిసిన పొలములలో పెసలును మినుములును పచ్చగా నుండెను. గట్లవెంట తాడిచెట్లు వరుసలు తీరి మంచులో నిలిచియుండెను. నాగావళి దాటునపుడు నీరు సన్నపాయగా ఇసుకపై జారుచుండుట చూచి మా అత్తగారు చేతులు జోడించిరి. పాలకొండలో దిగి కోటదుర్గమ్మ దర్శనము చేసికొని మరల బస్సెక్కితిమి. అక్కడినుండి కొండలు దగ్గరకు వచ్చును. సీతంపేట 2022వ సంవత్సరమునుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. అంతకుముందు శ్రీకాకుళము జిల్లాలో నుండెను. మా అత్తగారికి ఇప్పటికిని అది చికాకోలు సీమయే.

మరునాడు సంత. సవరలును జాతాపులును తెల్లవారకముందే కొండలు దిగి వచ్చుచుండిరి. ఆడవారి తలలపై గంపలు, మగవారి భుజములపై కావళ్ళు. కొండచీపుళ్ళు, కరక్కాయలు, పెద్ద ఉసిరికాయలు, క్రొత్త చింతపండు, కందులు, అల్లము నేలమీద కుప్పలుగా పోసిరి. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ ఈ అడవిసరకులను కొనుచుండును. మనము అంగడిలో చూర్ణముగా కొనుచున్న కరక్కాయ యిట్లు ఎవరో ఒక తల్లి నెత్తిన కొండ దిగి వచ్చినదే యని అప్పుడు మాకు తోచినది.

సంత చివర చింతచెట్టు క్రింద ఒక సవర ముసలమ్మ చినిగిన గుడ్డ పరచి వేళ్ళును బెరళ్ళును పెట్టుకొని కూర్చుండెను. మా అత్తగారు ఆమె యెదుట చతికిలబడి అడిగిరి.

"సుగరుకి ఏటైనా వేరుందా అమ్మా?"

"ఎవులికి?"

"నాకే."

ముసలమ్మ మా అత్తగారి కన్నులను, చేతిగోళ్ళను పరకాయించి చూచి తల యడ్డముగా త్రిప్పెను. "నా కాడ నేదమ్మా. మా అమ్మ కాలంలో ఆ జబ్బే తెల్దు. తెలీని జబ్బుకి వేరెలాగిస్తాను?"

మా అత్తగారి ముఖము చిన్నబోయినది. మేము వేరొక ముక్కను చూపి అదేమని అడిగితిమి. "ఇది కడుపునొప్పికి. సిన్నగుంటకైతే గోరంత, పెద్దోలికైతే యేలంత. ఎక్కువైతే ఇసమే" అని దానిని మా చేతినుండి మెల్లగా తీసికొని గుడ్డమీద పెట్టెను. పది రూపాయలిచ్చిననైన, ఎవరికో చెప్పనిదే అమ్మనన్నది.

మేము చాలసేపు ఆ మాటలే తలపోయుచు నడచితిమి. పట్టణములలో సర్వరోగములకును ఒకే సీసా అమ్మెడు అంగళ్ళను చూచితిమి. అక్షరము రాని యీ ముసలమ్మ మాత్రము రోగి యెవరు, రోగమేది, కొలత యెంత అను మూడు ప్రశ్నలు విడువలేదు. తెలియనిదానిని తెలియదన్నది. మేము మా యింట ఆ మూడు ప్రశ్నలలో ఒక్కటియైనను అడిగియుండలేదు.

సాయంకాలము ఆ శిష్యుని యింటి అరుగుమీద కూర్చుంటిమి. అతని యిల్లాలు చోడి అంబలి తెచ్చి యిచ్చెను. అతడు ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రము చదివినవాడు. ముసలమ్మ మాట విని నవ్వి, "మా వాల్తేరులో నేర్పిన పాఠమే ఆమె చెప్పినదమ్మా" అనెను. ఎట్లని అడుగగా, అతడు మా పెరటిలోని నేల ఉసిరితోనే మొదలుపెట్టెను.

1933లో టి. ఆర్. శేషాద్రిగారు వాల్తేరు వచ్చి అచట రసాయనశాస్త్రశాఖను వృద్ధిచేసిరి. 1949లో ఢిల్లీకి పోవువరకు మన యీ తీరమున నుండి పూలరంగులు, ఆకులచేదులు, బెరళ్ళవగరులు ఏ ద్రవ్యములవలన కలుగుచున్నవో శోధించిరి. ప్రత్తిపూవు పసుపురంగు సయితము వారి పరిశోధనకు విషయమైనది. 1946లో జి. వి. కృష్ణమూర్తిగారును వారును కలిసి నేల ఉసిరి చేదునుగూర్చి ప్రకటించిరి. తరువాత 1964లో అదే వాల్తేరులో ఎల్. రామచంద్రరావుగారును వారి తోడివారును ఆ మొక్కనుండి తీసిన ఫిల్లాంథిన్ అను స్ఫటికద్రవ్యముయొక్క నిర్మాణమును తేల్చిరి. పచ్చకామెర్లు వచ్చినప్పుడు మన అమ్మమ్మలు నూరి మజ్జిగలో ఇచ్చిన ఆకులోని సారమును చేతికందునట్లు తెల్లని పలుకులుగా చేసినవారు మనకింత చేరువను పనిచేసిరని మేము ఎరుగనే యెరుగము.

"అట్లయిన కామెర్లకు మందు దొరికినట్లేనా?" అని మా వారడిగిరి.

లేదని అతడు చెప్పెను. 1988లో చెన్నపట్టణపు వైద్యులు తోడిశాస్త్రజ్ఞులతో కలిసి ఒక పరీక్ష ప్రకటించిరి. కామెర్లకు ఒక కారణమైన హెపటైటిస్ బి సూక్ష్మజీవిని రక్తములో మోయుచున్న 37గురికి నేల ఉసిరి చూర్ణమును, 23గురికి ఉత్త పిండిమందును ఇచ్చిరి. మొదటివారిలో 22గురి రక్తమున ఆ సూక్ష్మజీవి గురుతు కనబడకపోయినది. రెండవవారిలో ఒక్కరికే అట్లయినది. లోకమంతయు ఆశపడినది. కాని పిమ్మట ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. నేల ఉసిరి యని మనము పిలుచునవి చూపున కొక్కరీతిగా నుండియు వేరువేరు జాతులవి. కోసిన నేలనుబట్టి, ఋతువునుబట్టి సారము హెచ్చుతగ్గులగును. కావున ఆ మొక్క ఇంకను శోధకుల చేతులలోనే యున్నది, వైద్యుని చీటిమీదికి రాలేదు. మంచి పేరున్నంత మాత్రమున మందు కాజాలదు, ఒకమారు గెలిచినంత మాత్రమునను కాజాలదు. ఇది విని మాకు కొంత నిరాశ కలిగినను, శాస్త్రమునందు గౌరవము హెచ్చినది. తన యోటమిని తానే ప్రకటించుకొను విద్యను నమ్మవచ్చును గదా!

అంత మా అత్తగారు మెల్లగా బిళ్ళగన్నేరు మాట యెత్తిరి. అతడు చెప్పిన కథ యిది. ఆ మొక్క పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. ఓడలతో పోయి వెచ్చని దేశములన్నిట వేరూనినది. దూరమున జమైకా ద్వీపవాసులు సయితము మా పేరంటాలివలెనే దాని ఆకులు మధుమేహమునకు కాచి త్రాగెడివారు. 1952లో అచ్చటినుండి 25 ఆకులు ఒక కవరులో కెనడాలోని క్లార్క్ నోబుల్ అను వైద్యునికి వచ్చినవి. ఆయన వానిని తమ్ముడగు రాబర్ట్ నోబులునకు పంపెను. ఆకురసము నోట పోయగా ఎలుకల రక్తములో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కించి చూడగా ఎలుకలు చచ్చినవి. కారణము వెదుకగా, రోగములతో పోరాడెడి తెల్లరక్తకణములు మిక్కిలి పడిపోయినవని కనుగొనిరి. చక్కెరకు వెదుకుచు మరియొక ద్వారము తెరచిరన్నమాట. తెల్లకణములు హద్దులేక పెరుగుటయే రక్తపు కాన్సరు. వానిని అణచునది మందు కావచ్చును గదా! చార్లెస్ బీరు అనునాయన శ్రమపడి ఆ సారమును వేరుచేసెను. పిమ్మట దానికి వింబ్లాస్టిన్ అను పేరుతో లోకప్రసిద్ధి కలిగినది. ఎలై లిల్లీ సంస్థవారు అదే ఆకునుండి తీసిన వింక్రిస్టిన్ 1963లో అమెరికాలో అనుమతి పొందినది. ఇవి కణము రెండుగా చీలు పనిని ఆపివేయును. ఇతరమందులతో కూర్చి ఇయ్యగా, చిన్నపిల్లలకు ఎక్కువగా వచ్చు రక్తకాన్సరు, పూర్వము మరణశాసనమైనది, నేడు సంపన్నదేశములలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా నయమగుచున్నది. మా వీధిలో ఒక పసివాడు విశాఖపట్టణములో ఆ చికిత్స పొంది మరల బడికి పోవుచున్నాడు. వానికి సూదిలో ఎక్కించినది మా పెరటి మొక్క తోబుట్టువని ఆనాడు తెలిసినది.

"అంత గొప్ప ఆకు నేను తిన్న తప్పేమి?" అని మా అత్తగారు.

"అదేనమ్మా తప్పు. ఒక్క గ్రాము మందు తీయుటకు వందల కిలోల ఎండుటాకు కావలెను. ఆ ఒక్క గ్రాము ఎందరో రోగులకు వచ్చును. దానిని మిల్లీగ్రాములలో తూచి, రక్తము పరీక్షించుచు, వైద్యుడు దగ్గరనుండి ఎక్కింతురు. ఆకులో ఆ సారమొక్కటేకాదు, నూరుకు పైగా వేరుసారములు కలవు. మీరు నమలిన నాలుగాకులలో ఏది యెంత యున్నదో మీకును తెలియదు, ఆకుకును తెలియదు" అని అతడు చేతులు జోడించెను. ముసలమ్మ చెప్పిన గోరంత, వేలంత మాటయే మరల మా చెవిని బడినట్లయినది.

చీకటిపడి దోమలు ముసరగా మాట మన్యపుజ్వరమువైపు మరలినది. ఈ కొండలలో మలేరియా ఎన్ని కుటుంబములను కూల్చినదో లెక్కలేదు. ఆ జ్వరమునకు 1820లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు సింకోనా బెరడునుండి కొయినా తీసిరి. నేడు వాడుచున్న గట్టి మందొకటి ఒక స్త్రీ కనుగొన్నది. చీనాదేశపు తూ యూయూగారు జ్వరములకు వాడిన పాతమూలికలను ఎన్నిటినో పరీక్షించి విసిగి, 4వ శతాబ్దమునాటి ఒక వైద్యగ్రంథమును మరల విప్పిరి. అందు ఒక మూలికను కాచుమని లేదు, నీట నానబెట్టి పిండుమని యుండెను. వేడి తగిలి సారము చెడుచున్నదని ఆమెకు స్ఫురించినది. 1971లో వేడి తగ్గించి తీసిన సారము పనిచేసినది. 1972లో మొదట తానే సేవించి ఆపై రోగుల కిచ్చెను. ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. ఆ మూలిక మనము వినాయకచవితినాడు పూజలో వాడు మాచీపత్రికి దగ్గరి చుట్టము. ఇంటిలో పాతగ్రంథములు చదివి పెరిగిన మాకు ఈ కథ విని ఒడలు పులకరించినది. పాతపుస్తకము దారి చూపెను. దానిని కన్నులు మూసికొని నమ్మినవారికి గాక, పరీక్షించినవారికి అది ఫలించినది.

రామాయణమున హనుమంతుడు ఓషధిని గుర్తింపలేక కొండనే పెకలించి తెచ్చెను. ఏది యోషధియో ఏరి నూరి యిచ్చినవాడు సుషేణుడు. కొండ రాకున్న సుషేణుడేమి చేయును? సుషేణుడు లేకున్న కొండ యేమి చేయును? ఆ యరుగుమీద మాకిది కొత్త అర్థముతో కనబడినది. తరతరములుగా అడవిని ఎరిగి కాచినవారు కొండ తెచ్చినవారు. వాల్తేరులో గాజుబుడ్లయొద్ద కూర్చున్నవారు సుషేణుని జాతివారు. ఇరువురును కలసిననే లక్ష్మణుడు లేచి కూర్చుండెను.

మా అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప కొంగుముడి విప్పి మాత్రలచీటి తీసి, "అన్నిటికిని ఆకులున్నవి. నా జబ్బుకే ఈ యంత్రపుమాత్ర" అనిరి. అతడు దానిని దీపము దగ్గరకు తీసికొని చదివెను. మెట్‌ఫార్మిన్.

"ఇదియు ఆకు మనుమరాలే నమ్మా!" అనెను.

ఐరోపాఖండమున గలేగా అను చిక్కుడుజాతి మొక్క కలదు. పూర్వము అచ్చటివారు దానిని ఇంటివైద్యమున వాడిరి. దానిలోని గలిజీన్ అను ద్రవ్యము రక్తములో చక్కెరను తగ్గించును. కాని విషగుణము కలది. మేసిన పశువులకు సయితము ప్రమాదము. 1920 తరువాత రోగులకిచ్చి చూచి, ఓర్వలేరని మానిరి. దాని పోలికగల మెట్‌ఫార్మిన్ అను ద్రవ్యమును 1922లో డబ్లిన్ నగరమున వెర్నరు, బెల్ అనువారు తయారుచేసిరి. 1957లో పారిసునందలి జాన్ స్టెర్న్ అను వైద్యుడు దానిని మధుమేహరోగులకు వాడి ఫలితము ప్రకటించెను. మొక్కనుండి మేలు నేర్చి, కీడు తగ్గించి, కొలత కట్టి చేసిన మాత్ర యిది. నేడు లోకమంతట కోట్లమంది సేవించుచున్నారు.

"అయితే నేను ఆకును పట్టుకొని ఆకునే పారవేసితినా?" అని మా అత్తగారు ఆ మాత్రను అరచేతిలో త్రిప్పి త్రిప్పి చూచుకొనిరి. ఆనాటి రాత్రి ఎవ్వరును చెప్పకయే వేసికొనిరి.

తిరుగుప్రయాణమున మరియొక తలంపు మమ్ము వదలలేదు. ముసలమ్మకు తెలిసినది ఆమెతో పోవునా? సవరల పలుకులను ప్రేమతో కూర్చినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరభాష నేర్చి, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. ఆయనయు మా వారివలె బడిపంతులే. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు మా యీ రాతను మన్నించుగాక! ఒక జాతి భాష పోయినచో మొక్కల పేళ్ళును, పేళ్ళతో వాని గుణములును పోవును. అట్లే వేరుకై త్రవ్విన మొక్క మరల మొలవదు. రక్తపుపోటునకు మందైన సర్పగంధి గతి చూడుడు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలుగారు 1949లో దాని గుణమును ఇంగ్లండు పత్రికలో ప్రకటించిరి. 1952లో దాని వేరునుండి రిసర్పిన్ అను సారము తీయబడెను. ఆ వేళ్ళకై జనులు అడవులు త్రవ్వగా మొక్క అరుదైనది. 2002లో మన దేశమున చేసిన జీవవైవిధ్యచట్టము, మూలికలవలన వచ్చు లాభములో వానిని కాచి తెలిసినవారికి భాగముండవలెనని చెప్పుచున్నది. చట్టము కాగితముననే యుండక ఆ చింతచెట్టు నీడకు చేరిననాడు మన ఋణము కొంత తీరును.

సోదరీమణులారా! పెరటిమొక్కను హేళన చేయవలదు, గ్రుడ్డిగా నమ్మవలదు. పెద్దలకు ఎవరేని ఆకు చెప్పినపుడు సవర ముసలమ్మ అడిగిన మూడు ప్రశ్నలు మీరును అడుగుడు. వాడుచున్న మాత్రను వైద్యునితో చెప్పక మాననీయకుడు. తినుచున్న ఆకును వైద్యునికి దాచనీయకుడు. ఇంటి వైద్యము, ఆసుపత్రి వైద్యము శత్రువులని మనము తలచుటవలననే మా యింట నాడు దీపము రెపరెపలాడినది.

ఇప్పుడు మా అత్తగారు ఉదయమున పూజ ముగించి ఫలహారము చేసి మాత్ర వేసికొందురు. బిళ్ళగన్నేరు పూవులు దేవుని పాదములయొద్ద నుండును. ఆకులు మొక్కకే యుండును.